పరమాణు గర్భము

అణువను మాట వినినతోడనే మన తలిదండ్రులలో పెక్కుమందికి తలంపునకు వచ్చునది బాంబు. విద్యార్థులకు తలంపునకు వచ్చునది పరీక్షలో గీయవలసిన యొక పటము: నడుమ నొక చుక్క, దాని చుట్టును కొన్ని వలయములు. ఈ రెండు తలంపులును అసత్యములు కావు గాని రెండును అసంపూర్ణములే. ఆ చుక్కకును ఆ బాంబునకును గల సంబంధమేమి? కంటికి గానరాని ఆ చుక్క కలదని మొదట నిశ్చయించిన వారెవరు? ఏ సాక్ష్యమును బట్టి నిశ్చయించిరి? ఇంతటి వినాశమునకు మూలమైన విద్యను పసివారికి నేర్పుట యేల యని కొందఱు పెద్దలు మమ్ము అడుగుచుందురు. వారికి మేమీయగల యుత్తరమేమి? ఈ ప్రశ్నలకు ఈ వ్యాసమున సమాధానము చెప్ప యత్నించెదము. గణితమును మిక్కిలి మితముగా వాడెదము. ఎనిమిదవ తరగతి బాలుడు దీనిని బిగ్గరగా చదివినచో, బడికెన్నడును పోని యాతని తల్లియు వినుచు గ్రహింపగలుగునట్లు వ్రాయవలెనని మా కోరిక.

ఊహ నుండి తూనికకు

పదార్థమును విభజించుచు పోయినచో తుదకు విభజింపరాని కణము నొద్ద ఆగవలసి వచ్చునని మన దేశమున వైశేషిక దర్శనకారుడగు కణాదుడు బోధించెను. గ్రీసు దేశమున డెమోక్రిటసు అను తత్త్వవేత్తయు సుమారు రెండువేల నాలుగువందల యేండ్ల క్రిందట నిట్టి మాటనే చెప్పెను. ఇవి గొప్ప యూహలే. కాని ఊహను తూచి చూచుటకు వారియొద్ద త్రాసు లేకుండెను.

ఆ త్రాసును పట్టినవాడు ఇంగ్లండు దేశపు బడిపంతులు జాన్ డాల్టను. ఇతడు నేతపనివాని కుమారుడు. మాంచెస్టరు నగరమున పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు జీవించెను. ఇతడు 1808వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున ఒక విచిత్రమైన సంగతిని చూపెను. కర్బనము ఆమ్లజనితో గూడి రెండు వాయువుల నిచ్చుచున్నది. ఒకదానిలో 3 పాళ్ల కర్బనమునకు 4 పాళ్ల ఆమ్లజని యుండును. రెండవదానిలో అదే 3 పాళ్లకు 8 పాళ్లుండును. నాలుగు, లేదా ఎనిమిది. నడుమ ఐదు గాని ఆరున్నర గాని లేదు. బియ్యమును మన కెంత కావలసిన నంత కొలిచి పోసికొనవచ్చును. కొబ్బరికాయలనో, ఒకటి రెండు అని లెక్కింపవలసినదే. ఆమ్లజని బియ్యమువలె గాక కొబ్బరికాయలవలె కలియుచున్నదనగా, అది విడివిడి కణములుగా నున్నదని యర్థము. ఇట్లు తూనికను బట్టి పరమాణువు విజ్ఞానశాస్త్రములో ప్రవేశించెను.

ఆ కణములెంత చిన్నవి? చిన్న పరమాణువులను ఒకదాని ప్రక్క నొకటిగా కోటి పేర్చినచో వరుస పొడవు సుమారు ఒక మిల్లీమీటరగును. ఒక్క నీటిబొట్టులో సుమారు ఐదు కోట్ల కోట్ల కోట్ల పరమాణువులు గలవు. 1981లో స్విట్జర్లండునందు నిర్మింపబడిన ఒక నూతన యంత్రముచేత లోహముల పైతలముననున్న పరమాణువులను ఒక్కొక్కదానిని గుర్తింప సాధ్యమైనది. డాల్టను నాటినుండి చాలకాలము మానవులు వానిని చూడకయే, వానిని గూర్చి సరియైన లెక్కలు కట్టుచు వచ్చిరి.

విభజింపరాని దానినుండి వెలువడిన కణములు

పరమాణువును విభజింపరాదని డాల్టను తలంచెను. ఆ నమ్మకము మూడు సంవత్సరములలో సడలిపోయెను. 1896లో పారిసు నగరమున హెన్రీ బెకరెల్ అను శాస్త్రజ్ఞుడు నల్లకాగితమున చుట్టిన ఛాయాచిత్రఫలకముపై యురేనియపు లవణము నుంచి సొరుగులో పెట్టెను. వెలుతురు సోకకయే ఆ ఫలకముపై గుర్తులేర్పడెను. యురేనియమునుండి తనంతట తానే యేదియో కిరణము వెలువడుచుండెనన్నమాట. 1897లో కేంబ్రిడ్జియందు జె. జె. థామ్సను ఎలక్ట్రాను అను ఋణవిద్యుత్కణమును కనుగొనెను. అది అన్నిటికంటె తేలికయైన హైడ్రోజను పరమాణువులో సుమారు 1,836వ వంతు మాత్రమే తూగును. 1898లో మేరీ క్యూరీయు, ఆమె భర్త పియరు క్యూరీయు పొలోనియము, రేడియము అను రెండు క్రొత్త మూలద్రవ్యములను కనుగొనిరి. ఇట్లు తమంతట తాము కిరణములు వెలువరించు గుణమునకు రేడియోధార్మికత యని పేరు.

ఎలక్ట్రాను ఋణవిద్యుత్తు గలది. పరమాణువు మొత్తముమీద నే విద్యుత్తును లేనిది. కావున దానిలో నెక్కడనో సరిపడునంత ధనవిద్యుత్తు ఉండితీరవలెను. అది యెక్కడ? రవ్వలడ్డులో జీడిపలుకులవలె, పరమాణువంతటను పరచుకొనియున్న ధనవిద్యుత్తులో ఎలక్ట్రానులు అక్కడక్కడ పొదుగబడి యున్నవని థామ్సను భావించెను. ఆ కాలమున ఇది సమంజసమైన భావనయే.

ఎనిమిది వేలలో నొకటి

ఎర్నెస్టు రూథర్‌ఫర్డు 1871లో న్యూజీలండు దేశమున ఒక సామాన్య కుటుంబములో పుట్టెను. పండ్రెండుగురు సంతానములో నాలుగవవాడు. విద్యార్థివేతనము నాధారముగా చేసికొని ఇంగ్లండునకు వచ్చి, క్రమముగా మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. రేడియమువంటి పదార్థములనుండి వెలువడు ఆల్ఫా కణములను గూర్చి యాతడు పరిశోధించుచుండెను. ఈ కణములు ధనవిద్యుత్తు గలవి. ఎలక్ట్రానుకంటె ఏడువేల రెట్లు బరువైనవి. సెకండునకు పదిహేనువేల కిలోమీటరులకు మించిన వేగముతో పోవునవి. వీనిని పలుచని లోహపు రేకులగుండ పంపినయెడల ఏమగునో చూడవలెనని యాతని యుద్దేశము.

1909లో ఈ పని హాన్సు గైగరునకును, ఎర్నెస్టు మార్స్‌డెను అను ఇరువది యేండ్ల విద్యార్థికిని అప్పగింపబడెను. బంగారము, ప్లాటినము మొదలగు లోహములను మిల్లీమీటరులో వేయవ వంతుకంటెను పలుచగా సాగగొట్టిన రేకులు వారు వాడిరి. ఆల్ఫా కణము జింకు సల్ఫైడు పూసిన తెరకు తగిలినచో చిన్న మెఱుపు పుట్టును. ఆ మెఱుపు మిక్కిలి మందమైనది. కన్నులు చీకటికి అలవాటుపడువరకు చాలసేపు చీకటిగదిలో కూర్చుండి, పిమ్మట సూక్ష్మదర్శినిలో చూచుచు, ఒక్కొక్క మెఱుపును లెక్కింపవలెను. ఇట్లు లెక్కించిన మెఱుపులు వేలకొలది.

కణములలో దాదాపు అన్నియు రేకులో నుండి నేరుగా దూసికొనిపోయెను. లడ్డు భావన ప్రకార మట్లే జరుగవలెను గూడ. కాని రేకునకు ఇవతలి ప్రక్కనే, కణములు రాదగని చోట, మార్స్‌డెను తెరనుంచి చూడగా అచ్చటను అప్పుడప్పుడు మెఱుపులు గానవచ్చెను. ప్లాటినపు రేకుతో లెక్కింపగా సుమారు ఎనిమిదివేల కణములలో నొకటి వెనుకకు మరలి వచ్చుచుండెను.

దీని యర్థమేమో ఇట్లు ఆలోచింపుడు. చీకటి రాత్రియందు ఒక పెద్ద మైదానములోనికి బంతులు విసరుచున్నామనుకొందము. ఒకదాని వెంట నొకటి అవి యడ్డు లేక పోయి అవతలి గోడకు తగిలిన చప్పుడు వినబడుచుండును. ఎనిమిదివేల బంతులలో నొకటి మాత్రము తటాలున మన కాళ్ల కడకే తిరిగి వచ్చును. మైదానము నడుమ నెక్కడనో సన్నని రాతికంబ మొకటి కలదని మనము చూడకయే చెప్పగలము. ఎన్ని బంతులు ఏయే దిక్కులకు మరలెనో ఓపికతో లెక్కించినచో ఆ కంబమెంత లావైనదో కూడ చెప్పవచ్చును. రూథర్‌ఫర్డు చేసినది ఇదియే. పరమాణువునందలి ధనవిద్యుత్తంతయు, బరువులో దాదాపు అంతయు, నడుమ నొక అత్యల్పమైన చోట కూడియున్నదని 1911లో నాతడు ప్రకటించెను. ఆ నడిమి భాగమునకే కేంద్రకమని పేరు. పరీక్షపటములోని చుక్క యిదియే.

ఈ కేంద్రక మెంత చిన్నదో యొక యుపమానముచే చూతము. బంగారపు కేంద్రకమును ఒక ఆవగింజయంత చేసితిమేని, ఆ పరమాణువు నలువది మీటరుల వెడల్పు గల మైదానమంత యగును. మైదానము నడుమ నొక ఆవగింజ. తక్కిన చోటంతయు ఎలక్ట్రానుల సంచారస్థలము. ఐనను బరువును తూచినచో నాలుగువేల పాళ్లలో ఒక పాలు మాత్రమే ఎలక్ట్రానులది, తక్కినదంతయు ఆవగింజది. సువార్తలలో ఆవగింజ మాట చదివిన మా విద్యార్థులకు అల్పమైనదానిలో నధికమైనది దాగియుండుట క్రొత్త సంగతి కాదు.

ఇచ్చట మార్స్‌డెనును గూర్చి యొక మాట చెప్పక విడువజాలము. ఎనిమిదివేలలో నొకటి యనగా మిక్కిలి స్వల్పము. ‘కన్ను చెదరినది’ అనియో, ‘పరికరములో దోషము’ అనియో దానిని తీసివేయుట యెంత సులభము! ఆ బాలుడట్లు చేయలేదు. చూచినదానిని చూచినట్లు వ్రాసెను. ప్రయోగపు పుస్తకములో ‘రావలసిన’ విలువను వేసికొను అలవాటు గల విద్యార్థులు దీనిని గమనింపవలెను.

గర్భములోని నివాసులు

కేంద్రకములో ఏమున్నది? రెండు విధముల కణములున్నవి. ధనవిద్యుత్తు గల కణమునకు ప్రోటానని 1920లో రూథర్‌ఫర్డు పేరు పెట్టెను. ఏ విద్యుత్తును లేక, ప్రోటానుకంటె ఇంచుక బరువైన న్యూట్రానును ఆతని శిష్యుడు జేమ్సు చాడ్విక్ 1932లో కనుగొనెను. ప్రోటానుల సంఖ్యయే మూలద్రవ్యమునకు గుర్తు. ఒక ప్రోటాను గలది హైడ్రోజను, రెండు గలది హీలియము, ఆరు గలది కర్బనము, ఎనిమిది గలది ఆమ్లజని, 79 గలది బంగారము, 92 గలది యురేనియము. ఈ సంఖ్య యొక్క ప్రాధాన్యమును 1913లో ప్రయోగములచే స్థాపించిన హెన్రీ మోస్లీ అను యువకుడు, రెండేండ్లకే గాలిపొలి యుద్ధరంగమున ఇరువదియేడేండ్ల ప్రాయమున హతుడయ్యెను.

న్యూట్రానుల సంఖ్య మాత్రము ఒకే మూలద్రవ్యములో మారవచ్చును. అట్టి సహోదరులకు ఐసోటోపులని పేరు. ప్రోటానొక్కటే గలది సామాన్యపు హైడ్రోజను. దానికి న్యూట్రానొకటి చేరినచో 1931లో కనుగొనబడిన భారహైడ్రోజను. ఈ భారహైడ్రోజనుతో నేర్పడిన నీరే భారజలము. ఆరు ప్రోటానులును ఆరు న్యూట్రానులును గలది సామాన్య కర్బనము. ఎనిమిది న్యూట్రానులు గలది కర్బనము 14. రసాయన గుణములలో సహోదరులందఱు నించుమించుగా నొకటే. కేంద్రకపు నిలుకడలో మాత్రము భేదము గలదు.

ఇక ఎలక్ట్రానుల మాట. పటములలోని వలయములు 1913లో డేన్మార్కు దేశీయుడు నీల్సు బోర్ చెప్పిన సిద్ధాంతమునుండి వచ్చినవి. సూర్యుని చుట్టును గ్రహములవలె ఎలక్ట్రానులు తిరుగుచున్నవని దీనినిబట్టి పిల్లలు తలంతురు. 1926 నాటికి వెలువడిన తరంగసిద్ధాంతము ప్రకారము ఎలక్ట్రానునకు గీతగీసినట్టి మార్గము లేదు. అది యెక్కడ ఎంతవరకు కనబడుటకు వీలున్నదో చెప్పగలమే గాని, ఇప్పుడిచ్చట, తరువాత నచ్చట అని చెప్పజాలము. కావున వలయములను పాఠము నేర్చుకొనుటకైన యూతకఱ్ఱగా నెంచవలెను. పరీక్షలో గీయవలసినదే, గీయుచు నిది యూతకఱ్ఱయని జ్ఞప్తియందుంచుకొనవలెను.

ప్రోటానే కడపటిదా యనిన, కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు 1968లో మొదలుకొని జరిగిన ప్రయోగములలో మహావేగముగల ఎలక్ట్రానులను ప్రోటానులపై విసరగా, వానిలో కొన్ని ఊహింపని పెద్ద కోణములలో మరలినవి. అరువది యేండ్లకు పూర్వము మార్స్‌డెను చూచినట్టిదే మఱల జరిగెను. ప్రోటాను లోపలను గట్టి బిందువు లున్నవని తేలెను. వానికి క్వార్కులని పేరు.

పోయిన బరువు ఎక్కడికి పోయెను?

ధనవిద్యుత్తు ధనవిద్యుత్తును నెట్టివేయును. 79 ప్రోటానులు ఆవగింజవంటి చోట నెట్లు కలిసియున్నవి? వానిని కట్టియుంచు మఱియొక బలము గలదు. అది విద్యుద్బలముకంటె నెంతయో గట్టిదైనను కడు దగ్గఱివారిని మాత్రమే పట్టుకొనగలదు. కేంద్రకపు పొలిమేర దాటిన దాని చేయి యందదు. కావున చిన్న కేంద్రకములు గట్టిగా నిలుచును. యురేనియమువంటి పెద్ద కేంద్రకములలో ప్రోటానులు ఒకదానినొకటి దూరమునుండియు నెట్టుకొనుచుండుటచే కట్టు సడలియుండును.

ఈ కట్టునకు మూల్యమెంత? రెండు ప్రోటానులను రెండు న్యూట్రానులను విడివిడిగా తూచి కూడిన 4.0319 వచ్చును. అవియే కలిసి హీలియపు కేంద్రకమైన పిమ్మట తూచినచో 4.0015 మాత్రమే. నూటికి ముప్పాతిక వంతు తఱుగు. దుకాణములో నైనచో దొంగతూనిక యందుము! ఇచ్చట దొంగ లేడు. ద్రవ్యరాశియు శక్తియు ఒకటి రెండవదిగా లెక్కింపదగినవని 1905లో అల్బర్టు ఐన్‌స్టీను చూపెను. తఱిగిన ద్రవ్యరాశి శక్తిగా వెలువడిపోయినది. ఒక గ్రాము ద్రవ్యరాశి పూర్తిగా శక్తియైనచో రెండున్నర కోట్ల యూనిట్ల విద్యుత్తునకు సమానము. సూర్యుని గర్భములో హైడ్రోజను కేంద్రకములు సంలీనమై హీలియమగుచు ప్రతి సెకండునకును సుమారు నలువది లక్షల టన్నుల ద్రవ్యరాశిని వెలుగుగా మార్చుచున్నవి. మన చేలు పండుట ఆ తఱుగు వలననే.

బొమ్మాబొరుసుల లెక్క

కట్టు సడలిన కేంద్రకములు తమంతట తామే మారుచు మూడు విధముల కిరణములను వెలువరించును. హీలియపు కేంద్రకములగు ఆల్ఫా కణములు కాగితముచేతనే ఆగిపోవును. ఎలక్ట్రానులగు బీటా కణములను అల్యూమినియపు రేకు ఆపును. గామా కిరణములను తగ్గించుటకు దళసరి సీసము గాని కాంక్రీటు గోడ గాని వలయును.

ఏ కేంద్రకము ఎప్పుడు మారునో ఎవరును చెప్పజాలరు. ఐనను సమూహమునకు కచ్చితమైన నియమము గలదు. విద్యార్థులు దీనిని తరగతిలోనే చేసి చూడవచ్చును. అరువదినలుగురు పిల్లలు తలకొక నాణెముతో లేచి నిలువవలెను. నిమిషమున కొకసారి అందఱును నాణెము నెగురవేసి, బొమ్మ పడినవారు కూర్చుండవలెను. మొదటి నిమిషమున సుమారు ముప్పదిరెండుగురు, పిమ్మట పదియాఱుగురు, పిమ్మట ఎనమండుగురు మిగులుదురు. కూర్చుండునది రాముడో రాహేలో ముందు చెప్పలేము; సగముమంది కూర్చుందురని మాత్రము చెప్పగలము. ఇట్లు సగమగుటకు పట్టుకాలమే అర్ధాయువు. ఆ తరగతి అర్ధాయువు ఒక నిమిషము. అయొడిను 131నకు ఎనిమిది దినములు. రేడియము 226నకు సుమారు 1,600 సంవత్సరములు. యురేనియము 238నకు సుమారు 450 కోట్ల సంవత్సరములు.

ఈ లెక్క తెలిసినచో భయమునకును హద్దు తెలియును. మన దేహమునందలి పొటాసియములో స్వల్పభాగము రేడియోధార్మికమైనదే. పెద్దవారి శరీరములో ప్రతి సెకండునకును సుమారు నాలుగు వేల కేంద్రకములు మారుచునే యున్నవి. అట్లని యిది నిరపాయకరమైన వస్తువని తలంపరాదు. మేరీ క్యూరీ పెక్కేండ్లు రక్షణ లేకయే రేడియముతోను కిరణములతోను పనిచేసి, 1934లో నెత్తురు పుట్టుక నశించు వ్యాధిచే మరణించెను. ఎంత మోతాదు, ఎంతసేపు, ఎంత దూరమున అను మూడు ప్రశ్నలే ఈ విషయమున మేలును కీడును వేఱుచేయును.

విచ్ఛిత్తి

1938 డిసెంబరులో బెర్లినునందు ఆటో హాన్, ఫ్రిట్జు స్ట్రాస్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞులు యురేనియముపై న్యూట్రానులను ప్రయోగింపగా బేరియము దొరకెను. హాన్‌తో ముప్పదియేండ్లు పనిచేసిన లీజా మైట్నరు, యూదుజాతియందు పుట్టినదన్న కారణమున ఆ యేడే జర్మనీ విడిచి స్వీడనులో తలదాచుకొనియుండెను. ఆమెయు, ఆమె సోదరి కుమారుడు ఆటో ఫ్రిష్షును దాని యర్థము గ్రహించిరి. 92 ప్రోటానుల యురేనియపు కేంద్రకము రెండుగా చీలినది: 56 ప్రోటానుల బేరియము, 36 ప్రోటానుల క్రిప్టాను. 56నకు 36 కూడి చూచుకొనుడు. చీలికలో రెండు మూడు న్యూట్రానులును విడివడును. అవి మఱికొన్ని కేంద్రకములను చీల్చును. ఒకటి రెండై, రెండు నాలుగై, ఇట్లు ఎనుబది తరములు గడచుటకు సెకండులో పదిలక్షలవ వంతు చాలును.

ఈ పరంపరను రెండు విధముల నడుపవచ్చును. ప్రతి తరమునను మిగులు న్యూట్రానులను కాడ్మియము, బోరాను మొదలగు పదార్థములచే మ్రింగించి పగ్గము పట్టినచో అది రియాక్టరు. దాని వేడిమిచే నీటిని ఆవిరి చేసి విద్యుత్తు పుట్టింపవచ్చును. 1942 డిసెంబరు 2వ తేదీన షికాగో నగరమున ఎన్రికో ఫెర్మీ మొదటిసారి యట్లు చేసెను. పగ్గము విడిచినచో అది బాంబు. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపైనను, 9వ తేదీన నాగసాకిపైనను అవి పడెను. ఆ యేటి కడపటికి హిరోషిమాలో సుమారు 1,40,000 మందియు, నాగసాకిలో సుమారు 70,000 మందియు చనిపోయిరని అంచనా. హిరోషిమాలో శక్తిగా మారిన ద్రవ్యరాశి ఒక గ్రాముకంటెను తక్కువ. పైన మేము చెప్పిన రెండున్నర కోట్ల యూనిట్ల లెక్క యిట్లు తేలినది.

నాగసాకి బాంబు పేలినది ఉరకామి అను పేటపైన. అది జపానులోని క్రైస్తవులకు ముఖ్యస్థానము; వారి మహాదేవాలయము నేలమట్టమయ్యెను. అచ్చటి వైద్యకళాశాలలో తకాషి నగాయి అను కిరణవైద్యుడుండెను. యుద్ధకాలమున ఫిలిములు దొరకకుండుటచే, క్షయరోగులను కిరణముల యెదుట స్వయముగా పరీక్షించి పరీక్షించి ఆతడు బాంబు పడుటకు ముందే రక్తకేన్సరు పాలయ్యెను. ఆ దినమున ఆతని భార్య యింటియొద్ద మరణించెను. తాను గాయపడియు ఆతడు క్షతగాత్రులకు చికిత్స చేసెను. పిమ్మట మంచము పట్టి, తన పట్టణపు కథను వ్రాయుచు 1951లో మృతినొందెను. ఒకే మనుష్యుడు కిరణములతో రోగుల నాదుకొనెను, కిరణములచేతనే క్షీణించెను, బాంబు చేసినదానిని కన్నులార చూచెను. పరమాణువును గూర్చి పాఠము చెప్పునపుడు ఆతనిని విడిచి చెప్పుట న్యాయము కాదని మా యభిప్రాయము.

పెద్దలకు మా యుత్తరము

ఈ విద్య దూరదేశపు ముచ్చట కాదు. భీమవరము దగ్గఱి గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానంద, ప్రాగ్ నగరమునను, లివర్‌పూలునందును పరిశోధనలు చేసి, పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అణుభౌతికశాస్త్రమునకు పునాది వేసెను. తారాపురమున 1969లో మన దేశపు మొదటి అణువిద్యుత్కేంద్రము పనిచేయసాగెను. రియాక్టర్లకు వలయు ఇంధనము హైదరాబాదులో తయారగుచున్నది. భారజలము మణుగూరులో తయారగుచున్నది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియపు గని గలదు. ఆ గని పరిసర గ్రామములవారు తమ బావినీటిని గూర్చి యాందోళన పడిన వార్తలు పత్రికలలో వచ్చినవి. అట్టి గ్రామమున పుట్టిన బిడ్డ నీటిని పరీక్షింపజేసి, వచ్చిన అంకెను చదివి, హద్దు మీరినదో లేదో తెలిసికొనవలెనా, లేక పుకార్లను బట్టి భయపడుచో, ఒట్టి హామీలను బట్టి నిశ్చింతగానో యుండవలెనా? కేన్సరునకు కోబాల్టు 60 గామా కిరణములతో చికిత్స చేసెదమని వైద్యుడు చెప్పినప్పుడు ‘అణువు’ అను మాటకు బెదరి తల్లిని ఇంటికి తీసికొనిపోవలెనా?

ఈ కారణమున మేమీ పాఠమును నేర్పుచున్నాము. కేంద్రకమునకు మంచి చెడ్డలు తెలియవు. 235 కణముల యురేనియపు కేంద్రకము రియాక్టరులోనను బాంబులోనను ఒకే నియమము ననుసరించి చీలును. మంచి చెడ్డలు పగ్గము పట్టిన మనుష్యునివి. లీజా మైట్నరును బాంబు నిర్మాణమునకు పిలువగా ఆమె నిరాకరించెను. విచ్ఛిత్తిని అందఱికంటె చక్కగా నెఱిగినవారిలో నామె యొకతె. ఏమి చేయుచున్నదో పూర్తిగా తెలిసియే ‘రాను’ అనెను. తెలియనివారికి అట్లనుటకు గూడ వీలుండదు.

బాలబాలికలారా, మీలో నెవరు శాస్త్రజ్ఞులగుదురో, ఎవరు వైద్యులో, ఎవరు సేద్యము చేసికొందురో మేమెఱుగము. ఏ కేంద్రకము ముందు మారునో చెప్పజాలనట్లే అదియును మేము చెప్పజాలము. ఏ పనిలో నున్నను, చూచినదానిని చూచినట్లు వ్రాయుడు. ఎనిమిదివేలలో నొకటి యని దానిని త్రోసివేయకుడు. తలిదండ్రులారా, ఈ పత్రిక ఇంటికి వచ్చిన సాయంకాలము మీ బిడ్డచేత ఆవగింజ సంగతి ఒకసారి చెప్పించుకొనుడు. చెప్పలేకపోయినచో మఱునాడు మాయొద్దకు మఱల పంపుడు. సృష్టికర్త యింత చిన్నచోట నింత శక్తి నుంచిన విధమును మఱియొకసారి మొదటినుండి చెప్పుటకు మాకు విసుగు లేదు.